హెల్మెట్ల డీజే ముచ్చట

అరేయ్ యాదిగా,

ఉత్తరం లేటయింది, తిట్టుకో, రెండు తిట్లు ఎక్కువే తిట్టు, పడ్త. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. ఎడమ కాలువకు నీళ్లొచ్చినయి, నాట్లు పడ్డయి, మోటరు కాలింది, అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయి. ఇగ అసలు ముచ్చట విను, కడుపుల ఆగుతలేదు.

మొన్న హాలియా దిక్కు మా మేనత్త కొడుకు పెండ్లికి పోయిన. బరాత్‌కు డీజే పెట్టిండ్రు. డీసీఎం మీద బాక్సులు, ఎనుక జనరేటర్, అంతా మామూలే. కానీ మిక్సర్ కాడ నిలబడ్డ ఇద్దరు పోరగాండ్లు బండి హెల్మెట్లు పెట్టుకున్నరు రా! అద్దానికి నల్ల స్టిక్కరు, చుట్టూ లైట్ల పట్టీ, ఒకనిది ఎర్రది, ఒకనిది నీలిది. హాస్టల్ల నీ డొక్కు కంప్యూటర్ల చూసిన ఆ ఫ్రాన్స్ రోబోలే, అదే హెల్మెట్లు పెట్టుకొని పాటలు కొట్టే డాఫ్ట్ పంక్ జంటే, హాలియాల దిగిండ్రా ఏంది అనుకున్న. మా పెద్దమామ అయితే, "బండి లేకుంట హెల్మెట్ ఏందిరా, పోలీసోళ్లు ఫైన్ ఏస్తరనా?" అంటుండు.

తీన్మార్ దంచి దంచి వదిలిండ్రు. ముసలోళ్లు సుత ఎగిరిండ్రు. అన్నాలప్పుడు ఆ ఇద్దరు జనరేటర్ పక్కన కూసున్నరు, ఒళ్లె హెల్మెట్లు. పోయి "డాఫ్ట్ పంక్ ఫ్యాన్సా తమ్మీ?" అన్న.

"అదేం బ్యాండన్నా, నల్లగొండదా?"

సచ్చిన నేను. మరి హెల్మెట్ ఎందుకురా అంటే పెద్దోడు, "చుట్టాలన్నా. మొఖం కనబడితే చాలు, డిగ్రీ అయిందా, నోటిఫికేషన్ పడ్డదంట రాస్తున్నవా అని పాట నడిమిట్ల అడుగుతరు" అన్నడు. నవ్వకు. ఆ రోబోలు మొఖాలు దాసుకున్నది గూడ దగ్గర దగ్గర అందుకే గదా, బజార్ల ఎవడు గుర్తుపట్టకుంట తిరగాలెనని.

ఇగ నేను ఊకుంటనా? మొదలు పెట్టిన. థామస్ బాంగల్టర్, గీ-మాన్యుయెల్ ది ఒమెమ్-క్రిస్టో 1987ల పారిస్ బడిల దోస్తులైన కాడ్నించి. ముందు గిటార్ల బ్యాండు పెడితే ఇంగ్లండు పత్రికోడు "డాఫ్ట్" చప్పుడని ఎక్కిరించిండు, వీళ్లు ఆ తిట్టునే తీసి పేరు పెట్టుకున్నరంటే చిన్నోనికి పొలమారింది. 1997ల వచ్చిన మొదటి ఆల్బం ఇంట్ల పడకగదిల చేసిండ్రంటే పెద్దోడు నమ్మలే. "మా ఇంట్ల చేస్తే మా నాయిన బాక్సులు బాయిల ఏస్తడు." 2006ల కాలిఫోర్నియా ఎడారి దిక్కు కోచెల్లా జాతరల లైట్ల పిరమిడ్ కట్టి, దాంట్ల నిలబడి వాయించిండ్రన్న. "మా డీసీఎం కంటె పెద్దదా?" అన్నడు చిన్నోడు.

నువ్వు పిండిగిర్ని చప్పుడని తిట్టే ఆల్బం ముచ్చట గూడ వచ్చింది. ఒప్పుకుంట, 2005 నాటిది కొన్ని వారాలల్ల కానిచ్చిండ్రు, తిప్పిందే తిప్పిండ్రు. కానీ అవే పాటలు పిరమిడ్ల పాతవాటితోని కలిపి కొడితే... సరే, ఈ కొట్లాట ఇప్పుడొద్దు. 2013ల మిషన్లు పక్కకు వెట్టి నిజం మనుషులతోని డ్రమ్ములు, గిటార్లు వాయించిచ్చిండ్రు చూడు, అదీ దెబ్బ! 2014ల దానికి ఐదు గ్రామీ అవార్డులు. స్టేజీ ఎక్కి గూడ హెల్మెట్లు తియ్యలే, నోరిప్పలే, పక్కన ఆ ఆల్బంల పాట పాడిన పాల్ విలియమ్స్ మాట్లాడిండు. మన హాస్టల్ డే నాడు నువ్వు నిలబడ్డట్టు. మైకు గుర్తుందా? ఛీ, రాయను.

అసలుది ఇప్పుడు. 2021 ఫిబ్రవరి 22న ఎనిమిది నిమిషాల వీడియో పెట్టి విడిపోయిండ్రని చెప్పిన. ఎడారిల వెండి హెల్మెటోడు కోటు విప్పి వీపు చూపిస్తడు, బంగారు హెల్మెటోడు మీట నొక్కుతడు, వెండోడు దూరం నడిచిపోయి పేలిపోతడు. పోరగాండ్లు ఒకరినొకరు చూసుకున్నరు. పెద్దోడు వచ్చే నెల దుబాయ్ పోతున్నడట రా. నాకేం తెలుసు!

"ఎందుకు విడిపోయినం అని చెప్పిండ్రా?" అన్నడు చిన్నోడు.

"చెప్పలే."

"మేం గూడ చెప్పం. కానీ బాక్సులు ఎవరికన్న?" అన్నడు. దాని మీదనే ఇద్దరికి మాట పెరిగింది, నేను నడుమ ఇరుక్కున్న. ఆఖరుకు అమ్ముదామనుకున్నరు. యాదిగా, నువ్వు సగం ఏస్తవా? మిక్సర్ మంచిగున్నది, ఒక బాక్సుకే కోన్ చిరిగింది. పేరు మనకుండనే ఉన్నది గదా, అదే, వార్డెన్ పెట్టిన పేరు...

ట్రాక్టరోడు హారన్ కొడుతుండు, యూరియా బస్తాలు దించాలె. పైసల సంగతి ముందు రాయి.

నీ
పిండిగిర్ని శత్రువు