సోమశిల ఒడ్డున నాలుగు రోజులు

మియాపూర్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

పొద్దున నువ్వు "ట్రిప్ ఎట్లయింది?" అని మెసేజ్ పెడితే "సూపర్" అని కొట్టేశాను కదా, అది సగం నిజం. మిగతా సగం తీరిగ్గా రాస్తున్నా. మీ వదిన పడుకుంది. నన్ను మాత్రం నడుం పడుకోనివ్వట్లేదు.

ముందే చెప్తున్నా, నవ్వకు. మియాపూర్ నుంచి సోమశిల, అక్కణ్ణుంచి శ్రీశైలం, మళ్ళీ ఇల్లు. దీనికి తొమ్మిది రోజులు. మా మామ అయితే "కారు తోసుకుంటూ పోయిన్రా?" అన్నాడు. ఏం చేస్తాం, లీవు పెట్టలేదు కదా. పొద్దున పది నుంచి రాత్రి ఏడు దాకా లాప్‌టాప్ తెరిచే ఉండాలి. సిగ్నల్ ఎక్కడ ఆగితే మేమూ అక్కడే.

శనివారం పొద్దున్నే బయల్దేరదామనుకున్నాం. సామాను సర్దేసరికి సాయంత్రం నాలుగైంది. ఔటర్ ఎక్కి తుక్కుగూడ దగ్గర దిగి, కడ్తాల్ దాటి, కల్వకుర్తి చేరేసరికి చీకటి పడింది. ఒక ధాబాలో తిని, ఆవరణలో కారు పెట్టుకుంటామని అడిగితే ఓనరు సరేనన్నాడు. బాత్రూం కూడా చూపించాడు.

వెనక సీట్లు మడిస్తే మంచంలా అవుతుందని వీడియోల్లో చెప్పేవాళ్ళు మన కారులో పడుకోలేదు. మడత దగ్గర నాలుగు వేళ్ళ ఎత్తు మెట్టు ఉంది. అమ్మ కుట్టిన బొంత రెండు మడతలేసినా రాత్రంతా సీటుబెల్టు బకిల్ నా తుంటికి గుచ్చుకుంటూనే ఉంది. చలికి అద్దాలన్నీ ఎక్కించేశాం. తెల్లారి చూస్తే లోపలి వైపు నీళ్ళు కారుతున్నాయి, బొంత అంచు తడిసింది. అంతా మా ఊపిరేనట! మర్నాటి నుంచి రెండు అద్దాలు వేలెడంత దించి, నువ్విచ్చిన దోమతెర కట్టాం.

ఆదివారం కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాం. శ్రీశైలం డ్యాం వెనక నీళ్ళు అక్కడిదాకా నిలిచి, కృష్ణ సముద్రంలా ఉంటుంది. అవతలి వైపు సంగమేశ్వరం గుడి నీళ్ళలోనే ఉంది. వేపచెక్క శివలింగం అంటారే, అదే. పడవాయన్ని అడిగితే "ఇప్పుడేం కనవడది సార్, ఎండకాలం రాన్రి" అన్నాడు. నీళ్ళు బాగా తగ్గితే తప్ప గుడి బయటికి రాదు.

ఇక కరెంటు సంగతి. కారు బ్యాటరీ 12 వోల్టులు, 45 ఆంపియర్-అవర్లు. రెండూ గుణిస్తే 540 వాట్-అవర్లు, నిండా ఉంటే దాంట్లో ఉండే కరెంటు అంతే. అది ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పెట్టింది, సగానికి దించితేనే పాడవుతుంది. మా ఇద్దరి లాప్‌టాప్‌లకీ కలిపి గంటకి వంద వాట్-అవర్లు పోతాయి. రెండున్నర గంటలకే సగం ఖాళీ! ఈ లెక్క నేను సోమవారం మధ్యాహ్నం వేశాను. పొద్దున వేసి ఉంటే బాగుండేది. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

కాపాడింది గట్టు మీద చేపలు వేయించే అక్క. "చార్జర్ పెట్టుకోన్రి గానీ ఫ్రిజ్ ప్లగ్గు ముట్టొద్దు" అంది. నాలుగు రోజులు ఆమె గుడిసే మా ఆఫీసు. మంగళవారం మీటింగులో నేను మాట్లాడుతుంటే మేనేజర్ ఆపి "మీ దగ్గర వాన పడుతోందా?" అన్నాడు. నా వెనక మూకుట్లో చేపలు వేగుతున్నాయిరా. ఔను సార్, గట్టిగానే, అన్నాను. మీ వదిన మైకు మూసుకుని పడీపడీ నవ్వింది.

గురువారం కాల్ అయ్యాకే కదిలాం. మన్ననూరు చేరేసరికి తొమ్మిది దాటింది. చెక్‌పోస్టు మూసేశారు. అది అమ్రాబాద్ పులుల అడవి కదా, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు వదలరు. లారీల వరసలో మేమూ పడుకున్నాం. ఆరింటికి గేటు తీశారు. అడవిలో చాలాసేపు ఇద్దరి ఫోన్లలో ఒక్క గీత లేదు. మాకూ ఏం మాట్లాడాలనిపించలేదు. పులి కనబడలేదు, కోతులు మాత్రం రోడ్డు మీదే కూర్చుని ఉన్నాయి. శ్రీశైలంలో దర్శనం బాగా జరిగింది. రెండు రాత్రులూ గదిలో, నిజం మంచం మీద!

ఇప్పుడు అసలు విషయం. ఇంతసేపూ దాన్ని చెప్పకుండా తిప్పుతున్నానని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. సోమవారం పొద్దున టీ కోసం మీ వదిన కెటిల్ పెట్టింది. అది 1500 వాట్లు. పెట్టింది కారు కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే నీ ఇన్వర్టర్‌కి. అది 200 వాట్లు. టప్పుమని చిన్న శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన. కారు ఫ్యూజు కూడా పోయింది. కొల్లాపూర్ మెకానిక్ ఫ్యూజు మార్చి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. నీ ఇన్వర్టర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏం మాట్లాడకుండా నా చేతిలో పెట్టాడు.

కొత్తది ఆర్డర్ పెట్టాను, బుధవారం వస్తుంది. దోమతెర మాత్రం క్షేమం. ఏప్రిల్‌లో సంగమేశ్వరానికి నువ్వూ రా. కెటిల్ ఇంట్లోనే వదిలేస్తామని మీ వదిన ఒట్టేసింది.

నీ,
రాజు