చెవి మిషన్ కొనేముందు అమర్చేది ఎవరో చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం పేపర్లలో చెవి మిషన్ల ప్రకటనలు వస్తుంటాయి కదా, ఉచిత పరీక్ష, సగం ధర, ఈ రెండు రోజులే అని. అలాంటి ఒక ప్రకటన చూసి రెండేళ్ల కిందట మా నాన్నని ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. ఇంకో ఇంట్లో అదే పొరపాటు జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాన్నకి 71 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా ఓడల మరమ్మతు పనిలో, గ్రైండింగ్ మిషన్ల మధ్య బతికిన మనిషి. ఆ రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకోవడమే వాళ్లకి తెలిసిన రక్షణ. రిటైరయ్యాక ఏడాదికేడాది టీవీ సౌండు పెరిగింది, ఫోన్ తీయడం తగ్గింది, పెళ్లికి వెళ్తే ఓ మూల కూర్చుని భోజనం కాగానే వచ్చేసేవారు. మొదట్లో "ఏటమ్మా? ఏటన్నావు?" అని రెండు మూడుసార్లు అడిగేవారు. తర్వాత అడగడం మానేసి, నవ్వి తలూపడం మొదలెట్టారు. నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. వినపడలేదంటే మళ్లీ చెబుతాం, తలూపితే విన్నారనే అనుకుంటాం కదా. ఒకసారి పొద్దున వేసుకోవాల్సిన షుగర్ మాత్ర రాత్రి వేసుకుని పడుకున్నారు.

ప్రకటనలో ఉన్న చోటుకి వెళ్తే రోడ్డుకి ఆనుకుని ఉన్న గది, తలుపు తీసినప్పుడల్లా బస్సు హారన్లు లోపలికి వస్తున్నాయి. చెవి లోపల ఎవరూ చూడలేదు. హెడ్‌ఫోన్ పెట్టి పది నిమిషాల్లో పరీక్ష అయిపోయిందన్నారు, తర్వాత గంటసేపు మిషన్ల గురించే చెప్పారు. ఇన్ని ఛానెళ్లు, అన్ని ఛానెళ్లు, చెవిలో పెట్టుకుంటే ఎవరికీ కనబడదు అని. కనబడదన్న మాటకే మేం పడిపోయాం. జత 76 వేలు పెట్టి కొన్నాం. ఇంటికొచ్చాక అన్నం నములుతుంటే కూ అని ఈల, చెవి దగ్గరికి చెయ్యి పోతే ఈల. పదో నంబర్ బ్యాటరీ, పసుపు స్టిక్కర్‌ది, పప్పు బద్దంత ఉంటుంది, ఐదారు రోజులకోసారి మార్చాలి. గ్రైండర్ పట్టుకుని మొద్దుబారిన వేళ్లతో ఆయన దాన్ని ఆ చిన్న అరలో ఎలా పెడతారు? మూడుసార్లు తిరిగాం. ప్రతిసారీ సౌండు కొంచెం పెంచి, అలవాటైపోతుందండీ అని పంపించారు. కంచం పడితే చెవి పగిలిపోతోందనేవారు, మనవడి మాట మాత్రం అర్థమయ్యేది కాదు. ఆర్నెల్లకి అవి వక్కపొడి డబ్బాలోకి వెళ్లిపోయాయి. మా వీధిలోనే ఇలా డబ్బాల్లో, బీరువాల్లో పడి ఉన్న మిషన్లు నాకు తెలిసి నాలుగిళ్లలో ఉన్నాయి.

ఆ తర్వాత అర్థమైంది, మేం వరస తప్పామని. ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గులిమి గట్టిపడినా, కర్ణభేరికి చిల్లు పడినా, చీము పడుతున్నా వినికిడి తగ్గుతుంది, వాటికి వైద్యం వేరే ఉంది. ఒక చెవి ఉన్నట్టుండి ఒక్కరోజులో వినపడకుండా పోతే అది ఎమర్జెన్సీ, రేపు మాపు అనకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, మొదటి రోజుల్లో మొదలుపెట్టిన మందుకే ఫలితం ఎక్కువ. నాన్నకి ఒక చెవిలోంచి డాక్టర్ తీసిన గులిమి ముక్క చూస్తే, ఇది ఉండగా పరీక్ష చేసి మిషన్ ఎలా అమ్మారా అనిపించింది.

డాక్టర్ పంపిన ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే నిపుణుల దగ్గర పరీక్షకి గంటన్నర పట్టింది. బయటి శబ్దం రాని గది. హెడ్‌ఫోన్‌తో ఒకసారి, చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి ఇంకోసారి. లోపం బయటి, మధ్య చెవిలో ఉందా, లోపలి చెవిలో ఉందా అన్నది ఈ రెండూ పోల్చితేనే తెలుస్తుందట. తర్వాత తెలుగు మాటలు ఒక్కొక్కటిగా వినిపించి తిరిగి చెప్పమన్నారు. తప్పు అంటే నాన్న కప్పు అన్నారు, సీసా అంటే ఏదో గొణిగారు. గ్రాఫు తీసి చూపించారు, కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. లావు గొంతులాంటి మంద్ర శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది, శబ్దం సన్నబడుతూ 2000 హెర్ట్జ్ దాటాక కైలాసగిరి మీంచి రోడ్డు దిగినట్టు దిగిపోయి 4000 దగ్గర అడుక్కి చేరింది. మోత మధ్య పనిచేసినవాళ్లలో ఇలా ఎక్కువగా ఉంటుందట. స, త, క, ఫ లాంటి సన్నటి హల్లుల శబ్దాలు పోయాయి, అచ్చులు మిగిలాయి. అందుకే వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు అంటారు, అందుకే ఆడవాళ్ల గొంతు, చిన్నపిల్లల గొంతు మరీ కష్టం. ఇన్నాళ్లూ ఆయన మమ్మల్ని పట్టించుకోవట్లేదని మా అమ్మ అలిగేది. ఆ గ్రాఫు చూశాక ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఇలాంటి చెవికి సౌండు మొత్తం పెంచేస్తే ఏం లాభం? పోయినచోట పెంచాలి, ఉన్నచోట వదిలేయాలి. ఆన్‌లైన్‌లో రెండు వేలకి దొరికేవి అన్ని శబ్దాలనీ దాదాపు ఒకేలా పెంచేస్తాయి. ఖరీదైనదాన్ని సరిగ్గా సెట్ చేయకపోయినా గతి అదే. ఈ ఆడియాలజిస్టు దారంలాంటి సన్న గొట్టాన్ని చెవి లోపలికి పోనిచ్చి, మీద మిషన్ పెట్టి, కర్ణభేరి దగ్గరికి ఎంత శబ్దం చేరుతోందో కంప్యూటర్లో కొలిచి సరిచేశారు. రియల్ ఇయర్ కొలత అంటారు. కొనేముందు ఈ కొలత చేస్తారా అని అడగండి, అదేంటి అని వాళ్లే ఎదురడిగితే లేచి వచ్చేయండి.

ఇంకోటి, ఎదురుగా ఉన్నది ఎవరు? ఆడియాలజిస్టులకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి, అది 1992 చట్టం. నాలుగేళ్ల డిగ్రీ చదివి వస్తారు. ఆర్‌సీఐ నంబర్ అడిగితే నొచ్చుకునేదేం లేదు, అసలైనవాళ్లు గోడ మీదే పెట్టుకుంటారు. తెల్లకోటు వేసుకున్న సేల్స్ కుర్రాణ్ని నేను డాక్టర్ గారూ అని పిలిచాను మొదటిచోట. అతనూ వద్దనలేదు.

రెండోసారి తీసుకున్నవి చెవి వెనక కూర్చునే రకం, కనబడతాయి, ధర మొదటివాటికన్నా తక్కువే. వారం ఇంట్లో వాడి చూశాకే డబ్బు కట్టాం. చార్జింగ్‌వి చూపించారు గానీ నాన్న ఒప్పుకోలేదు, 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాం కదా, అలాంటప్పుడు చెవులు కూడా ఆగిపోతే ఎలా అన్నారు. కాస్త పెద్ద బ్యాటరీవి తీసుకున్నాం, వేళ్లకి అందుతున్నాయి. మన విశాఖ చెమట, సముద్రపు గాలి మిషన్లకి పడవు, రాత్రి తీసి సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టాల్సిందే. మొదటి నెలలో మూడుసార్లు సెట్టింగులు మార్చారు, ఆ ఖర్చు ధరలోనే ఉంది. ఈ సంగతి, వారంటీ ఎన్నేళ్లు, మిషన్ రిపేరుకి వెళ్తే ఆ పది రోజులూ ఏం ఇస్తారు, వేరే ఊళ్లో ఇంకో ఆడియాలజిస్టు దీన్ని తెరిచి సరిచేయగలరా లేక లాక్ వేసి ఉంటుందా అన్నవన్నీ కాగితం మీద రాయించుకోండి. చెవి మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అదేంటని అడగండి.

డబ్బు లేనివాళ్లకి దారి ఉంది. ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది, ముందు అక్కడ చూపించుకోవచ్చు. 60 దాటిన పేదవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్లు ఉచితంగా ఇస్తారు, 2017లో అది మొదలైంది మన నెల్లూరులోనే. వైకల్యం 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి, ఆదాయాన్ని బట్టి, వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ఉంది. అయితే శిబిరంలో మిషన్ చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదు. నెల తర్వాత అదే మనిషిని పిలిచి ఎలా వినపడుతోందని అడిగి సరిచేసే ఏర్పాటు ఉండాలి, లేకపోతే అవీ వక్కపొడి డబ్బాల్లోకే వెళ్తాయి. దీన్ని కలెక్టర్ గారు పట్టించుకోవాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

మీకూ ఒక మనవి. చెవి మిషన్ల ప్రకటన వేసేటప్పుడు పరీక్ష చేసే ఆడియాలజిస్టు ఆర్‌సీఐ నంబర్ ఆ ప్రకటనలోనే ఉండాలని నియమం పెట్టండి, నంబర్ ఇవ్వనివాళ్ల ప్రకటన తీసుకోకండి. రెండేళ్ల కిందట అలాంటి నంబర్ ఒకటి ఆ ప్రకటన కింద ఉండి ఉంటే, నేను కనీసం అడిగి ఉండేదాన్ని.

- ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం