పాత గనుల దగ్గర పాదరసం: గనుల శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

అయ్యా,

మూతపడిన బంగారు గనుల దిగువన వాగు ఇసుక కడిగి బంగారు రేణువులు వెతికేవారిలో నేనూ ఒకడిని. ఈ పనంటే నాకు ప్రాణం. అందుకే రాస్తున్నాను.

గనికి తాళం వేస్తే రసాయనాలు మాయం కావు. ఒకప్పుడు బంగారాన్ని పట్టడానికి పోసిన పాదరసం వాగు అడుగున, బండల సందుల్లో ఇంకా ఉంది. అదీ బరువైనదే కనుక బంగారంతో పాటు పళ్లెంలోకి వస్తుంది. పాదరసం అంటుకుని వెండిలా తెల్లబడిన బంగారు రేణువు దొరకగానే కొత్తవారు దాన్ని ఇంటికి తెచ్చి, పాదరసం పోగొట్టడానికి పొయ్యి మీద కాలుస్తారు. అప్పుడు లేచే పాదరసం ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. పక్క గదిలో నిద్రపోతున్న పిల్లలకు కూడా అదే గాలి! ఇది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

గని వ్యర్థాల దిబ్బల సంగతి వేరు. రాయి నుంచి బంగారం తీయడానికి వాడిన సయనైడ్ అనే విషం ఎండకు చాలావరకు విరిగిపోతుంది. ఆర్సెనిక్ అనే మరో విషం మాత్రం ఏళ్లు గడిచినా పోదు. తవ్వితే లేచే మెత్తని దుమ్ములో అది ఉండవచ్చు.

గని రాయిని పొడి చేసిన పాత మిల్లులు ఎక్కడ నడిచాయో మీ దస్త్రాల్లో ఉంటుంది. ఆ పటాలను బయటపెట్టండి, దిబ్బల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టించండి. దొరికిన పాదరసాన్ని జరిమానా భయం లేకుండా అప్పగించే చోటు చూపండి. అలాంటి చోటు లేకపోతే అది మళ్లీ వాగులోకే పోతుంది, అక్కడి నుంచి చేపల్లోకి చేరుతుంది.

ఇట్లు,
ఒక బంగారు అన్వేషకుడు