కోర్టు గుమ్మంలో కాపలా కాసేవాళ్లు ఎవరి ఉద్యోగులు?

గౌరవనీయులైన అమెరికా అటార్నీ జనరల్ గారికి,

నమస్కారం. ఇదే లేఖ మీకు ఇంగ్లీషులోనూ పంపుతున్నాను. ఇక్కడి మావాళ్లు కూడా చదవాలని తెలుగులో బహిరంగంగా పెడుతున్నాను.

నాలాంటి తెలుగువాడు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టు మెట్లెక్కేది సాధారణంగా పౌరసత్వ ప్రమాణానికి, తర్వాతెప్పుడో జ్యూరీ డ్యూటీకి. అప్పుడు జడ్జి కంటే ముందు కనిపించేది నీలం కోటు వేసుకుని మెటల్ డిటెక్టర్ పక్కన నిలబడే కోర్టు సెక్యూరిటీ ఆఫీసర్. నేను రాస్తున్నది ఆ ఉద్యోగం గురించే.

ఆయన నడుముకు తుపాకీ ఉంటుంది. మీ న్యాయశాఖ కింద ఉండి ఫెడరల్ కోర్టుల భద్రత చూసే యూఎస్ మార్షల్స్ సర్వీస్ ఆయనతో స్పెషల్ డెప్యూటీగా ప్రమాణం చేయిస్తుంది. జీతం మాత్రం ప్రైవేటు కంపెనీ ఇస్తుంది. 1983 నుంచి ఇదే పద్ధతి. కాంట్రాక్టు ఇంకొకరికి వెళ్తే యజమాని మారతాడు, మనిషి అదే గుమ్మంలో ఉంటాడు. వినికిడి పరీక్షలోనో గుండె పరీక్షలోనో పనికిరారని మార్షల్స్ సర్వీస్ చెబితే కంపెనీ తీసేస్తుంది. కంపెనీని అడిగితే ప్రభుత్వం చెప్పిందంటుంది, ప్రభుత్వాన్ని అడిగితే మీరు మా ఉద్యోగులు కారంటుంది. ఇలా పని పోయినవాళ్లు న్యాయం కోసం తాము కాపలా కాసిన కోర్టుల్లాంటి కోర్టులకే ఎక్కాల్సి వచ్చింది.

2010 జనవరి 4న లాస్ వేగస్ ఫెడరల్ కోర్టు లాబీలోకి ఒకడు షాట్‌గన్‌తో వచ్చాడు. సోషల్ సెక్యూరిటీ డబ్బు తగ్గించారని వేసిన కేసు కొట్టేశారని అతని కోపం. ఆ కాల్పుల్లో చనిపోయిన స్టాన్లీ కూపర్ గారు కోర్టు సెక్యూరిటీ ఆఫీసర్. వయసు 72. పోలీసుగా రిటైరయ్యాక ఈ పనిలో చేరారు. మార్షల్స్ సర్వీస్ సొంత అధికారి అయిన ఒక డెప్యూటీ మార్షల్ కూడా గాయపడ్డారు. ఒకే లాబీలో, ఒకే తూటాల ముందు ఉన్న ఆ ఇద్దరిలో ఒకరు మీ శాఖ ఉద్యోగి, ఇంకొకరు కాంట్రాక్టు మనిషి.

డెప్యూటీ మార్షల్ ఉద్యోగానికి 1789 నాటి చట్టం పునాది. 37 నిండకముందే చేరాలి, జార్జియాలోని గ్లింకోలో నెలల తరబడి శిక్షణ. ఖైదీలను కోర్టుకు తేవడం, పరారీలో ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవడం, సాక్షులను కాపాడటం, జడ్జిలకు రక్షణ ఇవ్వడం వాళ్ల పని. 2020లో న్యూజెర్సీలో జడ్జి ఎస్తర్ సలాస్ గారి ఇంటికి కొరియర్ మనిషిలా వచ్చినవాడు ఆమె కొడుకు డేనియల్‌ను చంపాడు. 2022లో ఆ అబ్బాయి పేరుతో చట్టం వచ్చి, జడ్జిల అడ్రస్‌లు బయటపడకుండా దారి దొరికింది. జడ్జి ఇంటి గురించి ఆలోచించిన ప్రభుత్వం కోర్టు తలుపు దగ్గరి మనిషి గురించి కూడా ఆలోచించకూడదా అన్నది నా ప్రశ్న.

ఈ కోర్టు సెక్యూరిటీ ఆఫీసర్లను నేరుగా ఫెడరల్ ఉద్యోగులుగా తీసుకోండి. ఖర్చు ఎక్కువంటారా, సరే. కనీసం మెడికల్ కారణంతో తీసేసినప్పుడు స్వతంత్ర డాక్టరు ముందు అప్పీలు చేసుకునే హక్కు ఇవ్వండి. కంపెనీ మారినా సీనియారిటీ, సెలవులు పోకూడదని ప్రతి కాంట్రాక్టులోనూ రాయించండి.

ఇంకో చిన్న మనవి. మా ఊళ్లలో ఎస్సై పోస్టు కోసం తెల్లవారుజామునే గ్రౌండ్‌లో పరుగులు తీసేవాళ్లు బోలెడుమంది. అమెరికా వచ్చాక అదే కుటుంబాలకు సాఫ్ట్‌వేర్, మెడిసిన్ తప్ప ఇంకోటి కనపడదు. పోలీసు ఉద్యోగమంటే తల్లిదండ్రులకు టెన్షన్, నాకూ ఉంటుంది. కానీ అలాంటి దారి ఒకటుందని పిల్లలకు తెలియనే తెలియదు. పౌరసత్వ ప్రమాణం రోజున కొన్నిచోట్ల ఓటరు నమోదు బల్ల వేస్తారు. దాని పక్కనే మార్షల్స్ సర్వీస్ బల్ల కూడా వేయించండి. ఆ పూట ప్రమాణం చేసినవాళ్లంతా, వయసూ మిగతా అర్హతలూ సరిపోతే, డెప్యూటీ మార్షల్ ఉద్యోగానికి అప్లై చేయగలిగిన కొత్త పౌరులే.

ఇట్లు,
న్యూజెర్సీలో ఉంటున్న ఒక తెలుగు పౌరుడు