డీజిల్ కారు పొగకి కన్వర్టర్ పీకేయడం మందు కాదు

సంపాదకుడు గారికి నమస్కారం,

డీజిల్ కార్ల పొల్యూషన్ మాట వచ్చినప్పుడల్లా పాత బండ్లు, ట్రాఫిక్ గురించే మాట్లాడుకుంటాం గానీ రిపేర్ దగ్గర జరిగే తప్పు గురించి ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం. పొగ వస్తోందనో ఇంజిన్ లైట్ వెలిగిందనో కారు తీసుకెళ్తే కారణం వెతక్కుండానే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) పోయింది మార్చాలి అనేవాళ్లు కొందరు, ఇంకొందరైతే లోపలున్నదంతా కొట్టేసి ఖాళీ డబ్బా బిగించి సాఫ్ట్‌వేర్‌లో లైట్ రాకుండా చేసిస్తాం, పికప్ కూడా పెరుగుతుంది అంటారు. ఓనర్‌కి ఖర్చు కలిసొచ్చినట్టే ఉంటుంది, కానీ ఆ పొగంతా పీల్చేది రోడ్డు మీద మిగతా జనం.

అసలు పొగ రంగు చూస్తేనే సగం విషయం తెలిసిపోతుంది. నీలం పొగైతే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో సీల్ పోయిందో పిస్టన్ రింగులు అరిగాయో చూడాలి. తెల్ల పొగ చలిలో స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే అది ఉత్త ఆవిరి, కంగారేం లేదు, పోకుండా ఉండి కళ్లు మండేలా డీజిల్ వాసన వస్తే గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు వేడి చేసేవి), ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి) చూడాలి, అదే తియ్యటి వాసనొచ్చి కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్టో ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కూలరో అయ్యుంటుంది. నల్ల పొగంటే డీజిల్ ఎక్కువ పడుతోంది లేదా గాలి చాలట్లేదు, అంటే ఎయిర్ ఫిల్టర్, చీలిన ఇంటర్‌కూలర్ హోస్ (టర్బో గాలి వెళ్లే గొట్టం), తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్, కారుతున్న ఇంజెక్టర్. వీటిల్లో ఏదీ కన్వర్టర్‌లో పుట్టిన జబ్బు కాదండీ, కన్వర్టర్‌ని పాడుచేసేవే ఇవన్నీ, వీటిని వదిలేసి కొత్తది బిగిస్తే కొన్నాళ్లకి అదీ పోతుంది.

ఇంకో సంగతి. డీజిల్ కారులో కన్వర్టర్ చేసే పని కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలకుండా మిగిలిన ఇంధనాన్నీ ఆక్సిడైజ్ చేయడం, మసిని పట్టేది డీపీఎఫ్ అనే ఫిల్టర్. ఆ ఫిల్టర్ బాగుంటే ఇంజిన్‌లో తేడా ఉన్నా నల్ల పొగ బయట కనపడదు. సైలెన్సర్ చల్లారాక పైపు చివర లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి, ఫిల్టర్ బాగున్న బండైతే గుడ్డకి పెద్దగా ఏం అంటదు, కాటుకలా నల్లగా అంటిందంటే ఫిల్టర్ పగిలిందనో ఎవరో ఖాళీ చేశారనో అనుమానించాల్సిందే, సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఫిల్టర్ నిండిపోయిందని లైట్ వచ్చినా అక్కడితో తీర్పు చెప్పేయకూడదు. ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెజర్ తేడా కొలిచే సెన్సర్ ఒకటుంటుంది, దానికి వెళ్లే సన్న గొట్టాలు చీలినా మసితో మూసుకుపోయినా రీడింగ్ తప్పొస్తుంది. ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో పెట్టి స్కానర్‌లో చూస్తే ఆ తేడా సున్నాకి దగ్గర్లో ఉండాలి, లేదంటే ముందు అనుమానించాల్సింది సెన్సర్‌నీ దాని వైరింగ్‌నీ. ఇది నిమిషాల్లో అయిపోయే చెక్, అయినా చేయరు. నిజంగానే మసి నిండిందనుకోండి, దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చుకునే పద్ధతి కారులోనే ఉంది, రోజూ దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తే అది మధ్యలో ఆగిపోతూ ఉంటుంది, పైగా ఆ వేడి కోసం అదనంగా పంపిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందంటే సంతోషించే విషయం కాదది.

ఇక టెస్టుల విషయం. చాలాచోట్ల డీజిల్ కారుకి చేసేది యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూసే పరీక్షే. ఫిల్టర్ పగిలిన కారు, ఆఖరికి ఫిల్టర్ తీసేసిన కారు కూడా ఇంజిన్ కాస్త బాగుంటే అందులో పాసైపోతుంది, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి లోతుగా పోయే అతి సన్నటి కణాలు ఆ మెషీన్‌కి సరిగ్గా అందవు. డీజిల్ పొగ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకి కణాలని లెక్కపెట్టే పరీక్ష మొదలుపెట్టాయి, నిమిషాల్లో అయిపోయే ఆ పరీక్షలో ఖాళీ డబ్బా దాగదు. వాళ్లు చేయగలిగింది మిగతా దేశాలు ఎందుకు చేయకూడదు?

నేను అడిగేది ఇంతే. వార్షిక తనిఖీల్లో పొగ చిక్కదనంతో ఆపకుండా కణాలు లెక్కపెట్టాలి, కన్వర్టర్ గానీ ఫిల్టర్ గానీ మార్చమనే గ్యారేజీ అంతకుముందు ఏమేం చెక్ చేసిందో, ఏ రీడింగ్ వచ్చిందో బిల్లు మీద రాసివ్వాలి, ఖాళీ చేయించుకున్న ఓనర్ ఒక్కడి మీదే కాకుండా చేసిపెట్టిన గ్యారేజీ మీదా కేసు పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు