గాడ్జిల్లా సామగ్రిని వంగి చూడాలి

సంపాదకులకు,

జపాన్ పాతకాలపు స్పెషల్ ఎఫెక్ట్స్ సినిమాల సామగ్రి ప్రదర్శన గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ అవి దగ్గరికెళ్తే బొమ్మల్లా తేలిపోతాయన్న అభిప్రాయంతో ఏకీభవించలేం. నిలబడి పైనుంచి చూస్తే తేలిపోక ఏం చేస్తాయి!

1954లో వచ్చిన సినిమాలోని రాకాసి జంతువు గాడ్జిల్లా ఎత్తు కథలో 50 మీటర్లు. మనిషి లోపల దూరి నడిచిన రబ్బరు సూట్ సుమారు రెండు మీటర్లు. అందుకే టోక్యో వీధుల్ని 1/25 కొలతలో కట్టారు. ఆ వీధిలో మనిషి కన్ను నేలకు ఆరేడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కాబట్టి మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని చూడండి. రెండు కళ్లతో చూస్తే దూరం తెలిసిపోయి భ్రమ చెదిరిపోతుంది.

వేగం సంగతి అద్దాల పెట్టెలో కనిపించదు. 30 మీటర్ల ఎత్తు నుంచి శిథిలం కింద పడడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. మినియేచర్‌లో, అంటే చిన్న నమూనాలో, అదే ఎత్తు 1.2 మీటర్లు, అర సెకనులో నేలకు చేరుతుంది. శిథిలం బరువు తెరమీద కనబడాలంటే సెకనుకు 24 ఫ్రేముల బదులు, లెక్క ప్రకారం 120 తీసి, 24 చొప్పున నెమ్మదిగా చూపాలి. ఇంత చేసినా నీళ్ల దగ్గర గుట్టు బయటపడుతుంది. ఓడను చిన్నది చేయగలం గానీ నీటి బిందువును చేయలేం కదా.

మ్యూజియంలో ఉన్నవి ఎక్కువగా పగలకుండా మిగిలినవే. సులువుగా విరిగేలా ప్లాస్టర్‌తో పోసిన భవనాలు షూటింగ్‌లోనే పొడైపోయాయి. సూట్లనేమో మార్చి మళ్లీ వాడుకున్నారు. 1966 నాటి అల్ట్రామాన్ టీవీ సీరియల్‌లో జిరాస్ అనే జంతువు, మెడ చుట్టూ విసనకర్రలాంటి కుచ్చు తగిలించిన గాడ్జిల్లా సూటే! మిగిలిన సూట్ల లేటెక్స్ రబ్బరు వెలుగుకూ గాలికీ గట్టిపడి, ముందు మోకాళ్ల దగ్గర, చంకల్లో పగులుతుంది. లోపలి యురేథేన్ ఫోమ్, అంటే స్పాంజిలాంటిది, తేమకు పిండిలా రాలుతుంది. గదిలో వెలుతురు తక్కువ పెట్టడం ఇందుకే, పిసినారితనం కాదు.

ఏది అసలు, ఏది మరమ్మతు చేసింది, ఏది నకలు అన్నది వస్తువు పక్కన చీటీలో తప్పక ఉండాలి. ఇలాంటి వ్యాసాల్లోనూ ఆ తేడా చెబితే బాగుంటుంది. జపాన్ వెళ్లేవారు, గాడ్జిల్లాకు స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన ఎయిజి త్సుబురాయా పుట్టిన సుకాగావాలో 2020లో తెరిచిన టోకుసాట్సు (స్పెషల్ ఎఫెక్ట్స్) ఆర్కైవ్ సెంటర్ చూడవచ్చు. టోక్యో నుంచి షింకన్‌సేన్ బుల్లెట్ రైల్లో కోరియామా వెళ్లి, అక్కడ లోకల్ రైలు పట్టుకోవాలి.

– ఒక పాఠకుడు