ఫ్రిజ్ మీద కాగితం

అమ్మా,

రథసప్తమికి అరసవల్లి వెళ్ళావా, మోకాళ్ళ నొప్పని ఇంటి దగ్గరే జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని కానిచ్చేశావా? ఇక్కడ అమెరికాలో కిటికీ బయట మోకాలి లోతు మంచు. సూర్యుడు కనబడి మూడు రోజులైంది. నా చదువు బాగానే ఉంది, గైడు బాగానే ఉన్నాడు, జీతం పడింది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. అఘాయిత్యం, కొట్టడం లాంటివి జరిగిన విద్యార్థులకి సాయం చేసే మా యూనివర్సిటీ ఆఫీసు కాగితం అది. మొన్న వీడియో కాల్‌లో నా వెనక ఫ్రిజ్ మీద ఊదారంగు కాగితం చూసి నువ్వేం అనలేదు. తర్వాత చిన్నాడి చేత చదివించుకున్నావట. రాత్రి మూడు మిస్డ్ కాల్స్, పొద్దున్నే "నిజం చెప్పు, నీకేటైంది" అని వాయిస్ మెసేజు. నాకేం కాలేదమ్మా. నీ మీద ఒట్టు అని రాయబోయి ఆగాను, ఒట్లంటే నీకు పడదు కదా.

నేను టీఏని, అంటే టీచింగ్ అసిస్టెంటుని కదా, వారానికి రెండు రోజులు డిగ్రీ పిల్లలకి ల్యాబు చేయిస్తాను. నవంబర్లో ఒక రోజు అందరూ వెళ్ళిపోయాక ఒక పిల్ల సింకు దగ్గర ఉండిపోయింది. కడిగిన బీకరునే మళ్ళీ కడుగుతోంది. "మీకో మాట చెప్పాలి" అంది. ఆపేశాను. మా యూనివర్సిటీలో విద్యార్థి మీద అఘాయిత్యం లాంటివి టీఏ చెవిన పడితే పేరుతో సహా పైకి చెప్పి తీరాలి. "నాకు చెబితే ఇక నా చేతిలో ఉండదు, ఎవరికీ చెప్పక్కర్లేని వాళ్ళు వేరే ఆఫీసులో ఉన్నారు, నేనూ వస్తాను" అన్నాను. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. గడపదాకా వచ్చినదాన్ని లోపలికి రావద్దన్నట్టు అయింది నాకు. రూలు మంచిదేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ మొహం మాత్రం పోవడం లేదు.

మన తెలుగోళ్ళ పిల్లేనా అని అడుగుతావు. చెప్పను. ఏ దేశమో కూడా రాయను. నీ నోరు మంచిదే, పక్కింటి అత్త చెవులే పెద్దవి.

ఆ ఆఫీసులో ఉన్నావిణ్ణి అడ్వొకేట్ అంటారు. వకీలు కాదు, పక్కన నిలబడే మనిషి. ఫీజు లేదు. ఆ పిల్లతో నేను గుమ్మం దాకానే వెళ్ళాను. ఆవిడ మొదట అడిగింది ఏమయిందని కాదు. "తలుపు వేసుకుందామా, తెరిచే ఉంచుదామా?" తర్వాత మంచినీళ్ళా, టీయా. తర్వాత "నీకేం కావాలి?" తలుపు మూసుకుంది, మిగతాది నాకు తెలీదు, తెలియక్కర్లేదు.

వాళ్ళు ఏం చేస్తారన్నది ఆ కాగితం మీదే ఉంది, అందుకే తెచ్చుకున్నాను. పోలీసు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. ఆసుపత్రిలో ఆనవాళ్ళు తీయించుకోవడానికి కేసు పెట్టక్కర్లేదు. ఎంత త్వరగా వెళితే అంత మంచిది, స్నానం చెయ్యకముందే. హాస్టల్ గది మార్పిస్తారు, పరీక్ష వాయిదా వేయిస్తారు, అవతలివాడు దగ్గరికి రాకుండా, మెసేజులు పెట్టకుండా యూనివర్సిటీ చేత ఆర్డరు ఇప్పిస్తారు. బయటి దేశం పిల్లలకి వీసా భయం ఎక్కువ, నాకు తెలుసు. డాక్టరు కాగితముంటే సబ్జెక్టులు తగ్గించుకున్నా వీసాకి ఇబ్బంది లేకుండా చూసే దారి ఒకటుంది. కొట్టడం, తిట్టడం, వెంటపడటం, ఫోన్ లాక్కుని చూడటం, వాటికీ అక్కడికే వెళ్ళొచ్చు.

కాలేజీ ఇంటికి కబురు చెయ్యదా అన్నావు. చెయ్యదమ్మా. 1974 నుంచి ఇక్కడ కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు పిల్లలదే. కోపం తెచ్చుకోకు. అలాగని తల్లిదండ్రులంటే లెక్క లేదనీ కాదు. 1986లో పెన్సిల్వేనియాలో జీన్ క్లీరీ అనే 19 ఏళ్ళ పిల్లని హాస్టల్ గదిలోనే పాడుచేసి చంపేశాడు తోటి విద్యార్థి. ఆ తల్లీతండ్రీ ఊరుకోలేదు. 1990లో చట్టం తెప్పించారు, క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్క కాలేజీలు ఏటా బయటపెట్టాలని. ప్రేమించినవాడు కొట్టడం, వెంటపడటం కూడా ఆ లెక్కలో రాయాలని 2013లో కలిపారు. నువ్వైతే అంతకన్నా గట్టిగా పోట్లాడేదానివి. నాకోసమైతే.

పిన్ని కోసం పోట్లాడలేదు కదమ్మా మనం.

తప్పు పట్టడం లేదు. నాకప్పుడు పదకొండేళ్ళు. పాతపట్నం ఆఖరి బస్సు దిగి, గుడ్డసంచి పట్టుకుని వచ్చింది. నువ్వు వేణ్నీళ్ళు పెట్టావు, అన్నం కలిపి ముద్దలు పెట్టావు. ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తోనే గ్లాసు, కొంగు, అన్నీ. భోంచేశావా, పడుకో, అన్నాం అందరం. పొద్దున్నే తాతయ్య చొక్కా వేసుకుని, పద అన్నాడు. నీకేం కావాలని దాన్ని ఒక్కరూ అడగలేదు. ఆ ఆఫీసు గుమ్మంలో నిలబడితే నాకు పిన్ని సంచి గుర్తొచ్చింది, ఆ పిల్ల కాదు.

అక్కడా దారులున్నాయి. 181 అని ఆడవాళ్ళ హెల్ప్‌లైను ఉంది, ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. సఖి సెంటరని జిల్లాలో ఉంటుంది, డాక్టరు, పోలీసు, లాయరు సాయం ఒక్కచోటే, నాలుగైదు రోజులు తల దాచుకోవచ్చు కూడా. చిన్నాయన ఇంట్లో లేని వేళ చూసి పిన్నికి ఫోన్ చెయ్యి. నంబరు మెసేజు పెట్టకు, ఫోన్ ఆయన చూస్తాడు. నోటితోనే చెప్పు. వెళ్ళమని బలవంతం కూడా పెట్టకు.

ఆ కాగితం తీసెయ్యమన్నావు. తియ్యను. వంటింట్లోకి వచ్చిన వాళ్ళెవరైనా చదువుతారు.

జీడిపప్పు పంపొద్దు, కిందటిసారిదే ఇంకా ఉంది. నాన్నకి బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించు. నాన్నకి ఈ ఉత్తరంలో మంచు దాకా చదివి వినిపించు, చాలు. మిగతాది చిన్నాడి చేత చదివించుకోకు, అద్దాలు పెట్టుకుని నువ్వే చదువు.

నీ
పాప